ముగ్గురి మధ్య ఒక రహస్యం



సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని అడగడానికి వచ్చిన తమ్ముళ్ళలో ఒకతను, "సార్, మీరు ఫిజిక్సు చెప్తారు కదా, క్వాంటం గురించి వ్రాయండి. అమరావతిలో క్వాంటం వ్యాలీ అంటున్నారు. పేపర్లో రెండుసార్లు చదివాను, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు" అన్నాడు. ఎక్కకపోవడంలో అతని లోపమేమీ లేదు. క్వాంటం అనే పేరు కింద పది రకాల పనులున్నాయి, పేపరువాళ్ళు అన్నింటినీ ఒకే పులుసులో వేస్తారు. నేను అందులో ఒక్క ముక్కే తీసి చెప్తాను. ఒకరికొకరు దూరంగా ఉన్న నలుగురైదుగురు, మధ్యలో ఎవరికీ తెలియకుండా, ఒక రహస్య తాళంచెవిని పంచుకోవడం ఎలా అన్నది. ఈ ముక్కనే ఎందుకు ఎంచుకున్నానంటే, క్వాంటం అనే మాట వినకముందే మా ఇంట్లో దీని అవసరం పడింది.

1984లో నేను ఈ హాస్టల్లో ఏడో తరగతి. అక్క బందరులో ఆడపిల్లల హాస్టల్లో తొమ్మిది. నాన్న నా అయిదో ఏటే పోయాడు. అమ్మ ఊళ్ళో నాట్లకూ కలుపులకూ వెళ్ళేది. అమ్మకు చదువు రాదు. నేను ఇన్‌లాండ్ లెటర్ వ్రాస్తే పెద్ద వీధిలో ఒకాయన దగ్గరకు పట్టుకెళ్ళి చదివించుకునేది. ఆయన చెడ్డవాడు కాదు, విసుక్కోకుండా చదివేవాడు. కానీ ఆయన అరుగు మీద ఎప్పుడూ నలుగురుండేవారు. అమ్మ కింద నిలబడేది, ఆయన పైనుంచి గట్టిగా చదివేవాడు. నేను ఆదివారాలు మినుము తీతకు వెళ్ళి ముప్పై రూపాయలు కూడబెట్టానని ఒకసారి వ్రాశాను. సెలవులకు ఇల్లు చేరేసరికి అప్పులాయన మా గుమ్మం ముందే కూర్చుని ఉన్నాడు.

ఆ సంక్రాంతికి అమ్మ, అక్క, నేను పొయ్యి దగ్గర కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఉత్తరం చివర "నూరు దణ్ణాలు" అంటే క్షేమం. "వెయ్యి దణ్ణాలు" అంటే ఒంట్లో బాగాలేదు, రమ్మని. "కోటి దణ్ణాలు" అంటే డబ్బు చేతికొచ్చింది, తెస్తున్నానని. అరుగు మీద ఎంతమంది విన్నా దణ్ణాలే వింటారు. ఏర్పాటు అమ్మదే. అక్క కూడా బందరు నుంచి అలాగే వ్రాసేది.

మూడు నాలుగు నెలలు బాగానే సాగింది. తర్వాత చదివిపెట్టే ఆయనే ఒకరోజు నవ్వి, "నీ పిల్లలు కోటి దణ్ణాలు పెట్టినప్పుడల్లా నువ్వు కొట్లో బాకీ తీరుస్తావేమే?" అన్నాడట. అమ్మ ఏమీ మాట్లాడకుండా వచ్చేసింది. వేసవి సెలవులకు మేం వెళ్ళగానే, "గుర్తు కూడా చద్దన్నం లాంటిదిరా, రెండో పూటకు పులుస్తుంది, మార్చాలి" అంది. అప్పటినుంచి ప్రతి సెలవులకూ కొత్త గుర్తులు.

నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒక లెక్చరర్ గారు గుప్తలేఖనం గురించి చెప్తూ, తాళంచెవి సందేశమంత పొడవుండాలి, ఏ వరసా లేకుండా ఉండాలి, ఒక్కసారే వాడి పారెయ్యాలి, అలా చేస్తే ఎంత తెలివైనవాడూ విప్పలేడు అన్నారు. ఈ పద్ధతికి మూలం అమెరికాలో గిల్బర్ట్ వెర్నమ్ 1917లో తలపెట్టిన టెలిగ్రాఫ్ యంత్రం. విప్పడం అసాధ్యమని లెక్కతో నిరూపించిన క్లాడ్ షానన్ పత్రం 1949లో అచ్చయింది. నాకు క్లాసులో అమ్మ చద్దన్నం మాట గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. లెక్చరర్ గారు లేపి నిలబెట్టారు.

చిక్కేమిటంటే తమ్ముళ్ళూ, కొత్త గుర్తు కావాలంటే మేం ముగ్గురం ఒకచోట కలవాలి. సెలవులొస్తే గాని కలవలేం. గుర్తునే ఉత్తరంలో వ్రాసి పంపిస్తే అరుగంతా వింటుంది. ప్రపంచంలో పెద్ద పెద్ద ప్రభుత్వాలకూ, బ్యాంకులకూ ఉన్నది ఇదే చిక్కు. తాళం వేసి పెట్టె పంపడం తేలిక. తాళంచెవి పంపడమే కష్టం.

సరిగ్గా మేం పొయ్యి దగ్గర కూర్చోవడానికి కొద్ది వారాల ముందు, 1984 డిసెంబరులో, బెంగుళూరులో ఒక అంతర్జాతీయ సదస్సు జరిగింది. అందులో అమెరికా నుంచి చార్లెస్ బెన్నెట్, కెనడా నుంచి జిల్ బ్రసార్డ్ కలిసి ఒక పత్రం ఇచ్చారు. తాళంచెవిని కాంతి కణాల మీద పంపవచ్చు, దారిలో ఎవరైనా తొంగిచూస్తే మనకు తెలిసిపోతుంది అన్నది దాని సారం. పద్ధతికి వాళ్ళ పేర్ల మొదటి అక్షరాలూ, ఆ సంవత్సరమూ కలిపి బీబీ84 అని పేరు. క్వాంటం గుప్తలేఖనానికి అదే పునాది. అది మన పక్క రాష్ట్రంలోనే పడింది.

అది ఎలా పనిచేస్తుందో చెప్తాను. హాస్టల్ కిటికీ ఊచల మధ్యనుంచి ఒక తాడు దూర్చి, అవతల ఒకర్ని పట్టుకోమనండి. పైకీ కిందకీ ఊపితే అల నిలువు ఊచల సందులోంచి అవతలకు పోతుంది. పక్కలకు ఊపితే ఊచలకు కొట్టుకుని ఆగిపోతుంది. కాంతికి కూడా ఇలా ఊగే దిక్కు ఉంది. మీ పుస్తకాల్లో దాన్నే ధ్రువణం అంటారు. కాంతిని తగ్గిస్తూ తగ్గిస్తూ పోతే చివరకు ఒక్కొక్క కణంగా వస్తుంది, అది ఫోటాన్. పంపేవాడు ఒక్కో ఫోటాన్‌ని నిలువుగానో అడ్డంగానో, లేదా రెండు ఏటవాలుల్లో ఒక దాంట్లోనో ఊపి పంపిస్తాడు. నిలువు సున్నా, అడ్డం ఒకటి. ఒక ఏటవాలు సున్నా, రెండోది ఒకటి. తీసుకునేవాడు ప్రతి ఫోటాన్‌కూ నిలువు–అడ్డం కిటికీ పెట్టాలో, ఏటవాలు కిటికీ పెట్టాలో తన ఇష్టం వచ్చినట్టు పెడతాడు. సరైన కిటికీ పెడితే సరైన అంకె వస్తుంది. తప్పు కిటికీ పెడితే బొమ్మా బొరుసే. అంతా అయ్యాక ఇద్దరూ బాహాటంగా, ఫోన్లోనైనా సరే, ఏ ఫోటాన్‌కు ఏ కిటికీ వాడారో చెప్పుకుంటారు. అంకె మాత్రం చెప్పరు. కిటికీలు కలిసినవి ఉంచుకుని మిగతావి పారేస్తారు. దాదాపు సగం మిగులుతాయి, అదే తాళంచెవి.

మధ్యలో దొంగ చూశాడనుకోండి. వాడికీ ఏ కిటికీ పెట్టాలో తెలియదు, సగంసార్లు తప్పు పెడతాడు. తప్పు పెట్టిన ఫోటాన్ పాడైపోతుంది, వాడు మళ్ళీ పంపినదాంట్లో సగం తప్పు అంకెలు వస్తాయి. అంటే మొత్తం మీద నాలుగింట ఒకటి తప్పు. మనవాళ్ళు కొన్ని అంకెలు బయటపెట్టి సరిచూసుకుంటే దొంగ దొరికిపోతాడు. ఫోటాన్‌కు నకలు తీసి పెట్టుకుందామా అంటే, తెలియని క్వాంటం స్థితికి అచ్చంగా నకలు తియ్యడం వీలుకాదని 1982లోనే వూటర్స్, జురెక్ నిరూపించారు. అరుగు మీద నలుగురు వింటున్నారని ఉత్తరమే చెప్పేసినట్టన్నమాట.

ఇది ఇద్దరికి. మేం ముగ్గురం. మీరు హాస్టల్లో వందమంది ఉన్నారనుకుందాం. ప్రతి జతకూ విడిగా ఒక తాళంచెవి కావాలంటే 4,950 కావాలి. జతకొక గాజుతీగ, తీగకు రెండు చివరలా యంత్రాలు అంటే ఏ ప్రభుత్వానికైనా తలకు మించిన పనే. అందులోనూ ఒక్క ఫోటాన్‌ని పట్టుకునే డిటెక్టర్ ఖరీదైన వస్తువు. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలోని తోషిబా పరిశోధకులు 2013లో దీనికొక దారి చూపించారు. డిటెక్టర్ మధ్యలో ఒకటే పెట్టి, వాడేవాళ్ళ దగ్గర పంపే యంత్రం మాత్రమే ఉంచారు. ఎవరి వంతు క్షణంలో వాళ్ళు పంపాలి. పొద్దున్నే బోరింగు దగ్గర బకెట్లు వరుసలో పెట్టుకుని ఒకరి తర్వాత ఒకరం నీళ్ళు పట్టుకోమూ, అలా. ఆ పద్ధతిలో 64 మంది దాకా ఒకే డిటెక్టర్ని పంచుకోవచ్చని వాళ్ళు చూపించారు.

బాగానే ఉంది. కానీ ఇందులో ప్రతి ఒక్కరికీ తాళంచెవి కుదిరేది మధ్యలో ఉన్నవాడితో. నేను అక్కకు రహస్యం పంపాలంటే అది మధ్యవాడి చేతిమీదుగా పోవాలి. వాడికి అంతా తెలుస్తుంది. కూచిపూడిలో పెరిగిన మనకు ఈ మధ్యవాడు కొత్త కాదు. మా రోజుల్లో గుడి దగ్గర భామాకలాపం ఆడుతుంటే హాస్టల్ పిల్లలం వెనక నిలబడి మునివేళ్ళ మీద లేచి చూసేవాళ్ళం. సత్యభామ కృష్ణుడికి లేఖ వ్రాసి మాధవి చేతికిస్తుంది. ఆమె విరహమంతా మాధవికి తెలుసు, ఆ అలుసు చూసుకుని ముక్కెర ఇస్తేగాని కదలనంటుంది. జనం పడీపడీ నవ్వేవారు. నాకు మాత్రం మా ఊరి అరుగు కళ్ళ ముందు కదిలేది.

ఈ మధ్యవాడు తప్పనిసరి కావడానికి ఇంకో కారణం దూరం. మంచి గాజుతీగలో కూడా ప్రతి 15 కిలోమీటర్లకూ సగం ఫోటాన్లు పోతాయి. 50 కిలోమీటర్ల తీగలో, అంటే ఇక్కడినుంచి బెజవాడ దాకా అనుకోండి, పదింట ఒకటి చేరుతుంది. 300 కిలోమీటర్లయితే పది లక్షల్లో ఒకటి. మామూలు ఫోను సంకేతమైతే దారిలో బలం పెంచి పంపుతారు. ఇక్కడ నకలు తియ్యకూడదు కాబట్టి ఆ పని కుదరదు. అందుకని దారిలో అక్కడక్కడ కాపలా ఉన్న గదులు పెట్టి, ఒక్కో గదిలో తాళంచెవి విప్పి మళ్ళీ కట్టి పంపుతారు. చైనావాళ్ళు 2016లో మిసియస్ అనే ఉపగ్రహాన్ని పంపి, 2017లో బీజింగు నుంచి వియన్నాకు ఆ తాళంచెవితో వీడియో సంభాషణ జరిపించారు. లోకమంతా అబ్బో అంది. కానీ అందులో ఉపగ్రహానికి రెండువైపుల తాళంచెవులూ తెలుసు. మాధవి ఆకాశంలో కూర్చుందంతే.

మన తెలుగునాట జరిగిన ముచ్చట కూడా చెప్పాలి. 2020 డిసెంబరులో హైదరాబాదులో డీఆర్‌డీవో వాళ్ళు తమ రెండు ప్రయోగశాలల మధ్య, డీఆర్‌డీఎల్‌కూ రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌కూ మధ్య, గాజుతీగ మీద ఇలా తాళంచెవి పంపి చూశారు. యంత్రాన్ని తయారుచేసింది వాళ్ళ బెంగుళూరు, ముంబయి ప్రయోగశాలలు. 12 కిలోమీటర్ల దూరానికి, దొంగచాటుగా చూసేవాణ్ణి పట్టుకోవడంతో సహా సరిచూశారు. 2021 మార్చిలో ఇస్రో వాళ్ళు అహమ్మదాబాదులో తీగ లేకుండా గాలిలోనే 300 మీటర్లు పంపారు. 2022 ఫిబ్రవరిలో ఢిల్లీ ఐఐటీ, డీఆర్‌డీవో కలిసి ప్రయాగరాజ్ నుంచి వింధ్యాచల్‌కు వంద కిలోమీటర్లకు పైగా, మామూలు వాడుకలో ఉన్న రకం తీగ మీదనే పంపారు. ఇవన్నీ ఇద్దరి మధ్య జరిగినవి. చాలామందిని కలిపే వల కట్టడం 2023 ఏప్రిల్లో కేంద్రం ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్ లక్ష్యాల్లో ఒకటి. దానికి 6,003.65 కోట్లు కేటాయించారు.

మాధవిని తప్పించే దారి లేదా అంటే, ఉంది. రెండు ఫోటాన్లను ఒకేచోట చిక్కుముడి పడేటట్టు పుట్టించి, ఒకటి నాకూ ఒకటి అక్కకూ పంపితే, ఎంత దూరంలో ఉన్నా ఒకే రకం కొలత చేసినప్పుడు మా అంకెలు జతపడతాయి. పుట్టించినవాడికి ఆ అంకెలు ముందుగా తెలియవు. వాడు మోసం చేస్తున్నాడా లేదా అన్నది కూడా మా కొలతల్లోనే తేల్చుకోవచ్చు. ఆర్టర్ ఎకర్ట్ 1991లో ఈ దారి చెప్పాడు. బ్రిస్టల్ నగరంలో 2020లో ఎనిమిదిమందిని ఇలా కలిపారు. ఎనిమిదిమందికి 28 జతలు, మధ్యలో నమ్మాల్సిన మనిషి ఒక్కడూ లేడు. నాకు అన్నింటికంటే ఈ ప్రయోగమే ఎక్కువ ఇష్టం. కారణం మీకు తెలిసే ఉంటుంది.

ఇప్పుడు ఇంకో రకం పంపకం గురించి చెప్తాను. తాళంచెవి అందరి దగ్గరా ఉండటం ఒకటి. తలా ఒక ముక్క ఉండి, అందరూ కలిస్తేనే తాళం తెరుచుకోవడం మరొకటి.

అక్క పదో తరగతికి వచ్చేసరికి ఇంట్లో గొడవ మొదలైంది. మా బంధువు ఒకాయన, ఆడపిల్లకు చదువెందుకు, సంబంధం చూశాను అని పట్టుబట్టాడు. అమ్మ రెండేళ్ళు కూలిలో మిగిల్చి కొంత డబ్బు దాచింది. అది ఇంట్లో ఉంటే నిలవదని ఉయ్యూరులో మా పెద్దమ్మ దగ్గర పెట్టింది. పెడుతూ ఒక మాట చెప్పింది: "పిల్లలిద్దరూ కలిసి వచ్చి అడిగితేనే ఇవ్వు. ఒక్కరొస్తే ఇవ్వొద్దు. నేనొచ్చి అడిగినా ఇవ్వొద్దు." తనను ఎవరు ఎలా ఒత్తిడి చేస్తారో అమ్మకు తెలుసు. ఆ వేసవిలోనే ఆ బంధువు, పుస్తకాలు కొనాలని చెప్పు అంటూ నన్ను బస్సెక్కించి ఉయ్యూరు తీసుకెళ్ళాడు. పెద్దమ్మ మా ఇద్దరికీ అన్నం పెట్టింది, చేపల పులుసు వేసింది. చేతులు కడుక్కున్నాక, "అక్కని కూడా తీసుకురా నాయనా" అంది. అంతే. ఆయన ఎంత వాదించినా అదే మాట. జూన్‌లో నేనూ అక్కా కలిసి వెళ్ళాం. ఆ డబ్బుతోనే అక్క ఇంటర్‌లో చేరింది. ఆ తర్వాత నర్సు అయింది.

ఈ లెక్కను ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఆది షమీర్ 1979లో ఒక చిన్న పత్రంలో వ్రాశాడు. అదే సంవత్సరం అమెరికాలో జార్జి బ్లేక్లీ కూడా వేరే దారిలో చెప్పాడు. షమీర్ పత్రం ఒక పాత లెక్కతో మొదలవుతుంది. పదకొండుమంది శాస్త్రవేత్తలున్నారు, ఏ ఆరుగురు కలిసినా బీరువా తెరవగలగాలి, అయిదుగురైతే తెరవలేకూడదు. మామూలు తాళాలతో చెయ్యాలంటే 462 తాళాలు కావాలి, ఒక్కొక్కరూ 252 తాళంచెవులు మొయ్యాలి. మన ట్రంకుపెట్టెకు అన్ని తాళాలు వేస్తే సబ్బు తీసుకునేసరికి బడి గంట కొడతారు. షమీర్ దాన్ని అంకెలతో తేల్చేశాడు.

అందరూ కలవాల్సిన పద్ధతి ఇంకా తేలిక. రహస్యం 7 అనుకోండి. నాకు ఏదో ఒక అంకె, 9, ఇచ్చారు. అక్కకు 8 ఇచ్చారు. కలిపితే 17, పదుల స్థానం వదిలేస్తే 7. నా దగ్గరున్న 9ని ఎంతసేపు చూసినా రహస్యం సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదైనా కావచ్చు. ఇక్కడ ఒక తేడా గమనించండి. నాలుగంకెల తాళం నెంబరును సగానికి విరిచి, రెండంకెలు నాకూ రెండంకెలు అక్కకూ ఇస్తే అది సరైన పంపకం కాదు. పదివేలసార్లు ప్రయత్నించాల్సినవాడికి వందసార్లు చాలు. సగం పంచడం వేరు, ఒక్కరి దగ్గర ఏమీ లేకుండా పంచడం వేరు.

దీన్ని కాంతి మీద చేసే పద్ధతిని 1999లో మార్క్ హిలరీ, వ్లాదిమీర్ బుజెక్, ఆండ్రే బెర్తియోమ్ అనే ముగ్గురు ప్రతిపాదించారు. ఈసారి మూడు ఫోటాన్లు ఒకే చిక్కుముడిలో ఉంటాయి. అమ్మకొకటి, నాకొకటి, అక్కకొకటి. ముగ్గురం రెండు రకాల కొలతల్లో మాకు తోచింది ఒకటి చేస్తాం. తర్వాత ఏ కొలత చేశామో మాత్రం చెప్పుకుంటాం. ఎనిమిది కూర్పుల్లో నాలుగు పనికొస్తాయి. ఆ నాలుగింటిలో నా అంకె, అక్క అంకె కలిపితే అమ్మ అంకె కచ్చితంగా తెలుస్తుంది. నా ఒక్కడి అంకెతో ఏమీ తెలియదు. ఇక్కడ దొంగ బయటివాడే కానక్కర్లేదు, ముగ్గురిలో ఒకడే కావచ్చు. అందుకే ఎవరు ముందు చెప్పాలి అన్న వరస కూడా ముఖ్యం. చివర చెప్పేవాడు ముందువాళ్ళవి విని తన మాట మార్చుకోగలడు. ఇద్దరి పద్ధతి యంత్రాలుగా బజారులోకి వచ్చింది గాని ఇది ఇప్పటికీ ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉంది. మూడు ఫోటాన్లను ఒక ముడిలో పుట్టించి, మూడింటినీ దారిలో పోగొట్టుకోకుండా చేర్చడం చాలా కష్టం.

ఇంకో మాట దాచకూడదు. ఈ పద్ధతులన్నింటిలోనూ ఫోన్లో కిటికీల గురించి మాట్లాడుతున్నది నిజంగా అక్కేనా, అక్క గొంతుతో మరొకరా అని తేల్చుకోవడానికి మొదట ఒక చిన్న గుర్తు ఉండి తీరాలి. క్వాంటం యంత్రం ఆ చిన్న గుర్తును ఎంత పెద్ద తాళంచెవిగానైనా పెంచగలదు. ఏమీ లేనిచోట పుట్టించలేదు. ఇందుకూ, ఖర్చుకూ జడిసి అమెరికా భద్రతా సంస్థ తమ పనులకు దీన్ని సిఫారసు చెయ్యడం లేదు. గణితంతోనే కొత్త తాళాలు చేసుకోవడం మేలంటుంది. ఆ కొత్త తాళాల ప్రమాణాలు 2024 ఆగస్టులో వచ్చాయి. నా అభిప్రాయం అడిగితే రెండూ నేర్చుకోవాలంటాను. ఎందుకంటే అమరావతికి 2025లో ప్రకటించిన ఐబీఎం యంత్రం క్వాంటం కంప్యూటర్, 156 క్యూబిట్లది. అది తాళంచెవులు పంచే యంత్రం కాదు. ఇప్పటి బ్యాంకు తాళాలను విప్పేంత పెద్దదీ కాదు. కానీ అలాంటివి చాలా పెద్దవైన రోజున విప్పే ఉపాయం మాత్రం 1994లోనే పీటర్ షోర్ వ్రాసిపెట్టాడు.

ఇదంతా అక్కకు ఫోన్లో చెప్పాను. మూడు ఫోటాన్ల దగ్గరకు వచ్చేసరికి, "అయితే అరుగు మీద చదివిపెట్టే ఆయన పనేమిట్రా ఇందులో?" అంది. ఏమీ లేదన్నాను. కాసేపు మాట్లాడలేదు.

తమ్ముళ్ళూ, ఈ వ్యాసంతోపాటు మూడు పోలరాయిడ్ రేకులు వార్డెన్ గారికి ఇస్తున్నాను. రెంటిని ఒకదానిమీద ఒకటి పెట్టి, ఒకదాన్ని మెల్లగా తిప్పండి. ఒకచోట వెలుతురు పూర్తిగా ఆగిపోతుంది. అలాగే పట్టుకుని, మూడోదాన్ని ఆ రెండింటి మధ్యకు ఏటవాలుగా దూర్చండి. అడ్డం ఇంకొకటి పెరిగింది కదా, ఇంకా చీకటవ్వాలి. ఏమవుతుందో చూసి, ఎందుకో మీ సైన్సు మాస్టారితో వాదించండి. రేకుల మీద గీతలు పడకుండా పాత నోటుపుస్తకం కాగితాల మధ్య పెట్టుకోండి.